ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంకా పరీక్షలెందుకు?

"తలకాయ కోసీసినారు, గడ్డ తీసీసినారు, మనిషి లేచి తిరుగుతంది. ఇంకేటి పరీచ్చలే?"

ఇది మా అత్తయ్య మాట. పోయిన నెల మా తోడికోడలిని మామోగ్రాంకి విశాఖపట్నం తీసుకెళ్తున్నానని చెప్పినప్పుడు అన్నారు. కోపంగా అనలేదు. ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు. తల వెనకాల ఆపరేషన్ అయిన పిల్లకి మూడేళ్ళ తర్వాత రొమ్ము పరీక్ష ఏమిటని. ఆ ప్రశ్న ఆవిడ ఒక్కరిదే కాదు. మా మరిదిదీ అదే, మొదట్లో నాదీ అదే. ఈ రోజు దానికి జవాబు రాద్దామని కూర్చున్నాను. ఎందుకంటే ఆపరేషన్ బాగా జరిగిన ఇంట్లో కూడా అసలు పని సగంలో ఆగిపోవచ్చని, ఆ మిగిలిన సగం డాక్టర్ల చేతిలో కంటే ఇంటి ఆడవాళ్ళ నోట్లోనే ఎక్కువ ఉంటుందని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

మొదటినుంచీ చెప్తాను. మాది చోడవరం. 2022లో జిల్లాలు మారాక అనకాపల్లి జిల్లా అయింది కానీ మా నోట ఇంకా విశాఖ జిల్లా అనే వస్తుంది. ధనుర్మాసం వచ్చిందంటే మా వీధిలో తెల్లవారుజామున నాలుగున్నరకే ముగ్గులు మొదలవుతాయి. చెరకు బళ్ళు ఫ్యాక్టరీకి వెళ్ళే రోజులవి, మంచులో బెల్లం వాసన. మా ఇంటి ముందు ముగ్గు ఎప్పుడూ మా తోడికోడలిదే. పదిహేను చుక్కలు, మధ్య చుక్క, చేత్తో గీసిందో కొలబద్ద పెట్టి గీసిందో తెలియనంత తిన్నగా ఉండేవి గీతలు.

మూడేళ్ళ కిందట ఆ నెలలో గీతలు వంకర పోవడం మొదలైంది. ఒక చుక్కకి వెళ్ళాల్సిన గీత పక్క చుక్క దాటి ఆగేది. తనే విసుక్కుని చెరిపేసి మళ్ళీ వేసేది. "చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి అక్కా" అంది. నేను నమ్మాను.

పొద్దున్న లేవగానే తల వెనక నొప్పి అనేది. ఒక్కోసారి వాంతి అయ్యేది. అయ్యాక కాస్త తేలిగ్గా ఉండేది, పదకొండు గంటలకి మామూలు మనిషి. పొద్దుటి పూట వాంతి అంటే మన ఇళ్ళల్లో మొదట ఏమనుకుంటారో మీకు చెప్పక్కర్లేదు. అత్తయ్య ముసిముసి నవ్వులు నవ్వారు. అది కాదని తేలాక గ్యాస్ అన్నాం. గ్యాస్ మాత్రలు నెల రోజులు వాడింది. తర్వాత ఉపవాసాలు ఎక్కువ చేస్తోందన్నాం. మెడ ఎముక అరిగిందని ఒకరు, కళ్ళజోడు పెట్టించమని ఇంకొకరు. తను మాత్రం వంట చేస్తూ, పిల్లల్ని బడికి పంపుతూ, గోడ పట్టుకుని నడుస్తూ ఉండేది. గోడ పట్టుకుని నడుస్తోందని నేను గమనించడానికి కూడా రెండు వారాలు పట్టింది.

కనుమ నాడు పెరట్లోంచి నీళ్ళ బిందెతో వస్తూ ఒక పక్కకి ఒరిగి పడిపోయింది. కళ్ళు తిరిగి కాదు, స్పృహ ఉంది. "కాలు నేను పెట్టిన చోట పడట్లేదు అక్కా" అంది. ఆ మాటతో నాకు భయం వేసింది.

అనకాపల్లిలో చూపించిన డాక్టరు గారు ఎక్కువ ప్రశ్నలు వెయ్యలేదు. తన వేలు చూపించి, దాన్ని తాకి మళ్ళీ నీ ముక్కు తాకమ్మా అన్నారు. మా తోడికోడలి వేలు ముక్కు దగ్గరికి వచ్చేసరికి వణికి బుగ్గ మీదికి పోయింది. గీత మీద నడవమన్నారు, నడవలేకపోయింది. వెంటనే ఎంఆర్ఐ రాశారు. నేను ముగ్గు సంగతి చెప్తే, "అదే పరీక్షమ్మా, మీ ఇంటి ముందు రోజూ జరుగుతోంది, మనం చూడలేదంతే" అన్నారు.

మెదడు వెనక భాగాన, మెడకి కాస్త పైన చిన్నమెదడు ఉంటుంది. పిల్లల పాఠ్యపుస్తకంలో అనుమస్తిష్కం అని ఉంటుంది. నడకలో తూలకుండా ఉండడం, చెయ్యి అనుకున్న చోటికి అనుకున్నంతే వెళ్ళడం దాని పని. దాని పైపొర మడతకాజాలా సన్నసన్న మడతలుగా ఉంటుంది. మా తోడికోడలి స్కానులో ఆ మడతలు ఒక పక్కన ఉబ్బి లావెక్కి ఉన్నాయి. మడతలు చెదిరిపోలేదు, లావెక్కాయంతే. అందుకే స్కానులో ఒక నలుపు చార, ఒక తెలుపు చార పక్కపక్కన కనిపిస్తాయి. పులిచారలు అంటారట డాక్టర్లు. ఆ చారలు చూసే జబ్బు పేరు ఊహించగలుగుతారు. ఎంఆర్ఐ రాకముందు అయితే తల తెరిచేదాకా తెలిసే దారే దాదాపు లేదు.

జబ్బు పేరు లెర్మిట్ డుక్లో. 1920లో ఫ్రాన్సులో ఆ పేర్లున్న ఇద్దరు వైద్యులు మొదట దీని గురించి రాశారు. వందేళ్ళు దాటినా ప్రపంచం మొత్తం మీద వైద్య పత్రికల్లోకి ఎక్కినవి కొన్ని వందల కేసులే. ఎక్కువగా ముప్పై, నలభై ఏళ్ళ వయసులో బయటపడుతుంది. చాలా నెమ్మదిగా పెరుగుతుంది. క్యాన్సర్ కాదు, ఒళ్ళంతా పాకదు. అయినా వదిలేయడానికి లేదు. తల వెనక ఉన్న గది చాలా ఇరుకు. అక్కడ ఏది ఉబ్బినా మెదడులోని నీరు కిందికి పోయే దారి మూసుకుంటుంది. నీరు నిలిచిపోయి లోపల ఒత్తిడి పెరుగుతుంది. రాత్రంతా పడుకుని ఉంటే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది కనక లేవగానే నొప్పి, వాంతి. మేము గ్యాస్ మాత్రలు ఇచ్చిన జబ్బు అది.

దీనికి వైద్యం ఆపరేషనే. ఏ ఇబ్బందీ లేకుండా వేరే పని మీద తీసిన స్కానులో అనుకోకుండా కనిపిస్తే కొందరికి కొయ్యకుండా స్కానులు తీస్తూ కనిపెట్టుకుని ఉంటారు. నడక తూలి, నీరు నిలిచిన మనిషికి ఆ వెసులుబాటు ఉండదు. "కరెంటు పెట్టించకూడదా, మందులతో కరగదా" అని మా మరిది అడిగాడు. ఇది అలా లొంగే జబ్బు కాదని చెప్పారు.

విశాఖపట్నం అంటే మాకు మొదటినుంచీ పెద్దాసుపత్రే. కేజీహెచ్‌లో మెదడు ఆపరేషన్ల విభాగం 1950లలోనే మొదలైంది. మా మావయ్యగారి తరం వాళ్ళు దాన్ని మొదలుపెట్టిన బాలపరమేశ్వరరావు గారి పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ జిల్లాలో పుట్టినవాళ్ళకి తల ఆపరేషన్ అంటే మద్రాసో వేలూరో పోవాల్సిన అవసరం ఆనాడే తగ్గింది. మేము మాత్రం తొందరలో, తెలిసినవాళ్ళ మాట మీద ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాం. కార్డు ఉండబట్టి ఖర్చులో పెద్ద భాగం ఆరోగ్యశ్రీలో పోయింది. ఆసుపత్రి గుమ్మంలో ఆ పథకం బల్ల ఉంటుంది. ఏ ఆపరేషన్‌కైనా డబ్బు కట్టకముందే అక్కడ కూర్చున్న మనిషిని అడగండి, కట్టేశాక కాదు.

ఆపరేషన్ ఆరు గంటలు పట్టింది. బోర్లా పడుకోబెట్టి, తల వెనక నడిమధ్య నిలువుగా కోసి, ఎముక ముక్క తీసి, మైక్రోస్కోపు కింద చేస్తారు. జుట్టంతా తియ్యలేదు, వెనక భాగం వరకే తీశారు. అది విని తను ఏడుపు ఆపింది. నవ్వుకోకండి, ఆ సమయంలో అది చిన్న విషయం కాదు. పెద్ద డాక్టరు గారు ముందే ఒక మాట చెప్పారు. "మామూలు గడ్డకి అంచు ఉంటుంది, ఒలిచినట్టు తియ్యొచ్చు. దీనికి అంచు ఉండదమ్మా. చెడ్డ మడత ఎక్కడ ఆగిందో మంచి మడత ఎక్కడ మొదలైందో కంటికి తెలీదు. మొత్తం తీసేద్దామని ఆశపడితే మంచిదీ పోతుంది, మనిషి నడక పోతుంది. అందుకని సరిపడా తీస్తాను, మిగిలింది కనిపెడదాం." ఆ మాటకి ఆయనకి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను. ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి అది.

లేచాక వారం రోజులు మాట ముద్దగా వచ్చింది. నడిపిస్తే తాగినవాడిలా నడిచింది. గాయం దగ్గర నీరు ఊరుతుందేమోనని రోజూ చూసేవారు. ఇంటికొచ్చాక మూడు నెలలు గోడకి కట్టిన తాడు పట్టుకుని నడిచింది. కొత్త అమావాస్యకి అనకాపల్లి నూకాలమ్మ జాతరకి తీసుకెళ్ళలేకపోయాం, మొక్కు మరుసటి ఏడు తీర్చాం. తర్వాతి ధనుర్మాసానికి ముగ్గు మళ్ళీ వేసింది. పదిహేను చుక్కలు కాదు, తొమ్మిది. ఒక గీత కాస్త వంకరగానే ఉంది. ఎవరం ఏమీ అనలేదు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. ఆసుపత్రి ఫైలు బీరువాలో పట్టుచీరల కింద పెట్టాం. మంచి జరిగిన చోట కాగితాలు మళ్ళీ తియ్యబుద్ధి కాదు కదా.

రెండేళ్ళ తర్వాత, పోయిన వానాకాలంలో ఏడాది స్కానుకి వెళ్ళినప్పుడు వేరే డాక్టరమ్మ చూశారు. పాత ఫైలు మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా చదివారు. మాకెప్పుడూ ఎవరూ అలా చదివి చూపించలేదు. బయాప్సీ రిపోర్టు దగ్గర ఆగి, "థైరాయిడ్ చూపించుకున్నారా? రొమ్ము పరీక్ష? మీ అమ్మగారి ఆరోగ్యం ఎలా ఉంది?" అని వరసగా అడిగారు. తల డాక్టరు రొమ్ము గురించి ఎందుకు అడుగుతున్నారని మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. ఆవిడ రిపోర్టు చివరి రెండు వాక్యాలు వేలితో చూపించారు. ఈ జబ్బున్నవాళ్ళకి కౌడెన్ సిండ్రోమ్ ఉందేమో పరీక్షించాలి అని అందులో ఉంది. రెండేళ్ళుగా ఉంది. ఆ ఆసుపత్రిలో డిశ్చార్జి రోజున ఎవరూ ఆ వాక్యాలు మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు. తప్పు ఎవరిదని ఇప్పుడు తవ్వను. ఆ కాగితం రెండేళ్ళు చీరల కింద ఉన్నది మా ఇంట్లోనే.

కౌడెన్ అనేది డాక్టరు పేరు కాదు. సాధారణంగా జబ్బుకి కనిపెట్టిన వైద్యుడి పేరు పెడతారు. దీనికి రోగి పేరు పెట్టారు. రేచల్ కౌడెన్ అనే అమెరికా అమ్మాయి, ఆమె కుటుంబం గురించి 1963లో ఇద్దరు వైద్యులు రాశారు. ఆ అమ్మాయి 31 ఏళ్ళకే రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. ఈ రెండూ, అంటే పెద్దయ్యాక చిన్నమెదడులో వచ్చే ఈ పులిచారల జబ్బూ ఆ కుటుంబ జబ్బూ ఒకే వేరు నుంచి రావచ్చని 1990ల మొదట్లో గుర్తించారు. 1997లో ఆ వేరు దొరికింది. పీటెన్ అనే జన్యువు అది. మన కణాలు అతిగా పెరగకుండా ఆపే బ్రేకు లాంటిది. పుట్టుకతోనే ఆ బ్రేకు సగం వదులైతే తలలోనే కాదు, థైరాయిడ్‌లో, రొమ్ములో, గర్భసంచిలో, పేగులో, కిడ్నీలో కూడా గడ్డలు వచ్చే అవకాశం పెరుగుతుంది. అందులో కొన్ని మామూలు గడ్డలు, కొన్ని క్యాన్సర్లు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. బొమ్మా బొరుసా.

పులిచారలు ఉన్న ప్రతివాళ్ళకీ ఈ జన్యుదోషం ఉండదు. ముఖ్యంగా చిన్నపిల్లల్లో బయటపడితే చాలాసార్లు ఉండదట. పెద్దవాళ్ళలో బయటపడితే మాత్రం చూడకుండా వదలకూడదు.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో బస్సులో మా తోడికోడలు చాలాసేపు మాట్లాడలేదు. సబ్బవరం దాటాక అంది. "మా అమ్మకి రొమ్ములో గడ్డ ఉండేది అక్కా. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు పోయింది. పుండు పడి వాసన వచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. నాన్నకి కూడా." పెళ్ళయి పద్నాలుగేళ్ళు. అమ్మ జ్వరంతో పోయిందనే మా అందరికీ తెలుసు. పెళ్ళిచూపుల్లో అలాగే చెప్పారు.

తర్వాత ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. తన తల మామూలు కంటే పెద్దది. హెల్మెట్ పట్టదు. "పెద్ద తలకాయ, పెద్ద తెలివి" అని మా మరిది వేళాకోళం చేసేవాడు. ముక్కు పక్కన చిన్న చిన్న పొక్కుల్లాంటివి ఉన్నాయి, పులిపిర్లనుకున్నాం. చిగుళ్ళు గరుకుగా ఉంటాయని పళ్ళ డాక్టరు ఎప్పుడో అన్నాడు. వాళ్ళమ్మ ఫోటోలో కూడా ముక్కు పక్కన అవే పొక్కులు. ఇవన్నీ ఆ కుటుంబ జబ్బు గుర్తులేనని డాక్టరమ్మ చెప్పారు. విడివిడిగా చూస్తే ఏవీ కావు. ఒక చోట పెట్టి చూసేవాళ్ళు ఉండాలి.

నెత్తురు పరీక్ష చేయించాం. హైదరాబాదులో నిమ్స్‌లో జన్యువుల విభాగం ఉంది, సీడీఎఫ్‌డీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ కూడా ఉంది, ఇలాంటి సలహాలకి మన రాష్ట్రాల వాళ్ళు అక్కడికి వెళ్తారు. ఫలితం వచ్చింది. దోషం ఉంది. థైరాయిడ్ స్కానులో రెండు గడ్డలు కనిపించాయి, సూదితో తీసి చూస్తే క్యాన్సర్ కాదన్నారు. పోయిన నెల మామోగ్రాంలో భయపడేదేమీ లేదు. ఇక ఏటా చూపించుకోవాలి. ఈ దోషం ఉన్న ఆడవాళ్ళకి పాతికేళ్ళు దాటాక ఆరు నెలలకో ఏడాదికో డాక్టరు చేత రొమ్ము పరీక్ష, ముప్పై దాటాక ఏటా మామోగ్రాంతో పాటు రొమ్ము ఎంఆర్ఐ కూడా, ఏటా థైరాయిడ్ స్కాను, ముప్పై అయిదు దాటాక పేగు పరీక్ష, నెలసరి కాని రోజుల్లో రక్తం కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా గర్భసంచి పరీక్ష. చదవడానికి చాంతాడంత ఉంది. ఏడాదిలో నాలుగైదు రోజుల పని. వాళ్ళమ్మకి ఆ నాలుగు రోజులు దొరకలేదు.

ఇంతవరకు అందరూ ఒప్పుకున్నారు. గొడవ వచ్చింది పిల్లల దగ్గర.

మా తోడికోడలికి పన్నెండేళ్ళ కూతురు, ఎనిమిదేళ్ళ కొడుకు. పిల్లలకి కూడా పరీక్ష చేయించాలని, ఉంటే చిన్నప్పటినుంచే థైరాయిడ్ చూడాలని డాక్టరమ్మ చెప్పారు. అత్తయ్య ససేమిరా అన్నారు. "గుంటకి ఇప్పుడే ఈ ముద్ర ఏస్తారేటి? రేపు దాని పెళ్ళికి ఎవుడొస్తాడు? ఊరు సిన్నది, మాట పెద్దది." మా మరిది నోరు మెదపలేదు.

నేను అత్తయ్యని తీసిపారెయ్యను. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. మా ఊళ్ళో ఒకింటి ఆడపిల్లకి మూర్ఛ వస్తుందని తెలిసి సంబంధాలు తప్పిపోవడం నేను కళ్ళారా చూశాను. మనం మంచి మాటలు రాసుకున్నంత మాత్రాన పెళ్ళిచూపుల వాళ్ళు మారిపోరు. ఇంకోటి కూడా ఉంది. పన్నెండేళ్ళ పిల్ల నెత్తిన ఇంత భయం పెట్టడం న్యాయమా అని నేనూ ఒక రాత్రంతా ఆలోచించాను.

కానీ లెక్క వేసి చూడండి. దాచిపెడితే పిల్లకి దోషం పోదు. ఉంటే ఉంటుంది. పోయేది మనకి తెలిసే అవకాశం ఒక్కటే. పరీక్ష చేయిస్తే సగానికి సగం అవకాశం లేదని తేలడానికి. లేదని తేలితే ఆ పిల్ల జీవితాంతం ఆ భయం లేకుండా బతుకుతుంది, దాని పిల్లలూ అంతే. అంటే పరీక్ష భయం పెట్టడానికే కాదు, భయం తీసెయ్యడానికి కూడా. ఉందని తేలితే గడ్డ బఠాణీ గింజంత ఉన్నప్పుడే చూస్తారు. దాచిన ఇంట్లో అది పుండయ్యాక వాసనతో బయటపడుతుంది. పెళ్ళి సంబంధం గురించి భయపడి దాచిన జబ్బు మా తోడికోడలి విషయంలో ఏం చేసిందో మాకు తెలుసు. పెళ్ళయింది. తన తల్లి ఎలా పోయిందో చెప్పుకోలేక పద్నాలుగేళ్ళు బతికింది. ఆ ఒక్క మాట ముందే తెలిసి ఉంటే, చిన్నమెదడు ఆపరేషన్ అయిన రోజునే ఎవరో ఒకరు రెండూ కలిపి చూసేవాళ్ళు.

నా అభిప్రాయం ఇది. ఊరందరికీ చెప్పక్కర్లేదు. చుట్టాలందరికీ చెప్పక్కర్లేదు. కడుపున పుట్టినవాళ్ళకి, రక్తం పంచుకున్న అక్కచెల్లెళ్ళకి, అన్నదమ్ములకి మాత్రం చెప్పి తీరాలి. అది వాళ్ళ ఒంటి సంగతి. మన పరువు కోసం వాళ్ళ ఒంటి సంగతి దాచే హక్కు మనకి లేదు. పెళ్ళి మాట వచ్చినప్పుడు ఎవరికి ఎంత చెప్పాలో ఆ పిల్ల పెద్దయ్యాక నిర్ణయించుకుంటుంది. ముందు పెద్దవ్వాలి కదా.

ఈ మాటలన్నీ నేను ఇంట్లో అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. ఆ రాత్రి అన్నాలయ్యాక మా తోడికోడలే అంది. "మా అమ్మ నాకు చెప్పలేదు అత్తయ్యా. చెప్పుంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. నా కూతురు అలా అనుకోకూడదు. నేనే చెప్తాను." అత్తయ్య పళ్ళెం తీసుకుని లేచి వెళ్ళిపోయారు.

పిల్లకి పెరట్లో అరుగు మీద కూర్చోబెట్టి చెప్పింది. నన్నూ కూర్చోమంది. అమ్మకి తలలో ఎందుకొచ్చిందో, అమ్మమ్మ ఎలా పోయిందో, ఇది ఎలా వస్తుందో, రాకపోవచ్చు కూడా అని. పిల్ల అంతా విని ఏడవలేదు. "మరి తమ్ముడికి కూడా చేస్తారా పెద్దమ్మా?" అని అడిగింది.

నేను తెల్లబోయాను. నెల రోజులుగా ఇంట్లో గొడవంతా ఆడపిల్ల గురించే. మగపిల్లాడికీ అంతే అవకాశం ఉందని, థైరాయిడూ పేగూ కిడ్నీ వాడికీ ఉన్నాయని, రేపు వాడి పిల్లలకీ పోవచ్చని డాక్టరమ్మ చెప్పినా మా ఎవరి బుర్రకీ ఎక్కలేదు. వాడి పెళ్ళి గురించి ఎవరికీ భయం లేదు కనక వాడి ఒంటి గురించి ఎవరూ ఆలోచించలేదు. పరువు భయం అలా ఉంటుంది. ఆడపిల్లని దాస్తుంది, మగపిల్లాణ్ణి మరిచిపోతుంది. బడి పరీక్షలయ్యాక ఇద్దరికీ నెత్తురు తీయిస్తాం.

ఇది చదివేవాళ్ళలో ఈ జబ్బు ఉన్నవాళ్ళు దాదాపు ఉండరు. అంత అరుదు. అయినా నాలుగు మాటలు ఎవరికైనా పనికొస్తాయి. లేవగానే తలనొప్పి, వాంతి, నడకలో తూలు, ఈ మూడూ కలిసి వస్తే గ్యాస్ అనకండి, నెల తప్పిందేమోనని నవ్వుకుంటూ కూర్చోకండి, మెదడు డాక్టరుకి చూపించండి. ఇంట్లో ఎవరికి ఏ ఆపరేషన్ అయినా బయాప్సీ రిపోర్టు చివరి వాక్యం దాకా చదివించుకోండి. ఇంగ్లీషు రాకపోతే డాక్టరుని అడగండి, "ఇందులో ఇంకేమైనా చూపించుకోమని ఉందా, మా పిల్లలకి దీనితో సంబంధం ఉందా?" అని. ఈ రెండు ప్రశ్నలకి నిమిషం పట్టదు. ఫైలు బీరువాలో దాచినా సరే, ఏ కాగితంలో ఏముందో ఇంట్లో ఇద్దరికి తెలియాలి. ఆఖరిది, మీ అమ్మమ్మ, మీ అమ్మ, మీ పిన్నమ్మలు, మేనత్తలు ఎలా పోయారో, ఏ వయసులో పోయారో మీ అమ్మాయికి ఒకసారి చెప్పండి. "జ్వరం వచ్చి పోయింది", "కడుపునొప్పితో పోయింది" అని మన ఇళ్ళల్లో చెప్పుకునే మాటల వెనక ఏముందో అడగండి. బాధగానే ఉంటుంది. అడగండి.

మొన్న సాయంత్రం బియ్యం ఏరుకుంటుంటే అత్తయ్య నా పక్కన వచ్చి కూర్చున్నారు. కాసేపు రాళ్ళు ఏరారు. తర్వాత, నా వైపు చూడకుండానే, "ఆ రొమ్ము ఫోటో తీస్తారు కదే, నొప్పెడతాదేటి?" అని అడిగారు.

"కాస్త నొక్కుతారు అత్తయ్యా, అంతే. ఎందుకు?" అన్నాను.

"ఊరికే" అన్నారు.

వచ్చే బుధవారం ఆవిణ్ణి తీసుకెళ్తున్నాను.